నీలం టేపు ట్రైలర్

మా గరాజ్ నేల మీద ఇప్పటికీ నీలం టేపు అంటుకుని ఉంది. గోడలకి రంగులు వేసేటప్పుడు అంచుల వెంబడి అంటిస్తారే, ఆ టేపు. దాంతో గీసిన రెండు పెట్టెలు, ఒకదాని లోపల ఒకటి. చిన్నది అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. పెద్దది ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. చలికాలంలో కారు చక్రాలకి అంటుకొచ్చిన మంచూ, రోడ్ల మీద చల్లే ఉప్పూ కరిగి చిన్నదాని ఒక మూల ఊడిపోయింది. పీకి పారెయ్యమని నా భార్య రెండుసార్లు చెప్పింది. నా బద్ధకం అనుకుంటోంది. నేను చేసిన ఒక తప్పు కొలతలతో సహా అక్కడ కనబడుతూ ఉంటుంది కాబట్టి ఉంచాను.

మేముండేది ట్రాయ్ అనే అమెరికా ఊళ్ళో. ఇరవై రెండేళ్ళుగా కార్ల కంపెనీలకి పనిచేస్తున్నాను. కారులో ఏ వస్తువు ఎక్కడ పడుతుందో, దానికీ పక్కదానికీ మధ్య ఎంత సందు వదలాలో తేల్చడం నా పని. బ్యాటరీ, పైపులు, సీటు కింద మోటారు, డ్రైవరు మోకాలు, అన్నీ నాకు అంగుళాలే. ఇంట్లో కూడా ఈ జబ్బు వదల్లేదు. గిన్నెలు కడిగే మెషిన్‌లో ఎవరు ఏ ప్లేటు పెట్టినా తీసి మళ్ళీ సర్దుతాను. అందుకని ఈ ట్రైలర్ వ్యవహారం మొదలైనప్పుడు, ఇంత తేలికైన పని నా జీవితంలో ఇంకొకటి రాదనుకున్నాను.

నా భార్య నలభై ఆరో ఏట మోటార్‌సైకిల్ నేర్చుకుంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయిన ఏడాది, శనాదివారాల్లో ఒక కాలేజీ పార్కింగ్‌లో ఆరెంజ్ కోన్ల మధ్య నేర్పే క్లాసులో చేరింది. రెండు వారాల ముచ్చట అనుకున్నాను. లైసెన్సు తెచ్చుకుంది. ఆ తర్వాత దూరప్రయాణాలకి పనికొచ్చే ఎర్రటి సెకండ్‌హ్యాండ్ బండి తెచ్చుకుంది. నేను మాత్రం దాన్ని ఎక్కను. నాకు రెండు చక్రాలంటే భయం. ఆ భయానికి పెద్ద కథ కూడా ఏమీ లేదు.

బండి కొన్న కొన్నాళ్ళకే ఆమె మణికట్లలో నొప్పి మొదలైంది. కీళ్ళవాతం అన్నారు. మందులతో నెమ్మదిస్తుంది కానీ వెనక్కి పోదని డాక్టర్ చెప్పింది. బండి సంగతి అడిగితే, "నడపగలిగినన్నాళ్ళు నడపండి" అంది. ఎన్నాళ్ళో ఆవిడ చెప్పలేదు, మేం రెట్టించలేదు. మొదట్లో రోజుకి అయిదు గంటలు నడిపేది. కిందటేడు మూడు. ఈ ఏడు మంచు కరిగాక బయటికి తీసినప్పుడు, రెండు గంటలు దాటితే క్లచ్ పట్టుకునే చెయ్యి మొరాయించింది.

ఆమెకి నార్త్ కరోలినా కొండల్లో ఒక దారి మీద మనసు పడింది. మెలికలు మెలికలుగా కొండ నడుం మీద సాగే రోడ్డు. దాని మ్యాపు మా ఫ్రిజ్ తలుపు మీద మూడేళ్ళుగా ఉంది. మొదటి ఏడు జూన్‌లో వెళ్దామనుకుంటే మా ఆఫీసులో కొత్త కారు లాంచ్. "వచ్చే ఏడు వెళ్దాంలే" అన్నాను. ఆ మరుసటి ఏడు జూన్‌లో ఇంకో కారు. "ఒక్కదానివే అంత దూరమా? నేను కార్లో వెనకాల వస్తేనే" అన్నాను. రెండుసార్లూ ఆమె సర్దుకున్న బ్యాగు విప్పేసింది. అదే మంచిదనుకున్నాను.

ఇక్కణ్ణించి ఆ కొండలకి పది పదకొండు గంటల హైవే. బండి మీదే వెళ్తే కొండలు రాకముందే చేతులు అయిపోతాయి. ట్రైలర్‌లో బండి ఎక్కించి కారుతో లాక్కెళ్తే, ఉన్న ఆ రెండు గంటల ఓపికా కొండ దారికే మిగులుతుంది. ఈ ఆలోచన ఆమెదే. "వానా ఎండా తగలకుండా మూసి ఉండేది తీసుకుందామండీ. మోటెల్ పార్కింగ్‌లో లాక్ చేసి పడుకోవచ్చు" అంది. సైజు చూసే బాధ్యత నాకిచ్చింది. నా పనే అది కదా.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని మా క్రికెట్ వాట్సాప్ గ్రూపులో అడగడం. పదినిమిషాల్లో ఊరు ఊరంతా ట్రైలర్ల నిపుణులైపోయారు. "తీసుకుంటే సెవెన్ బై ఫోర్టీన్ తీసుకోండన్నా, వినాయకుడి ఊరేగింపుకి పనికొస్తది" అన్నాడొకడు. "మా మూవింగ్ కూడా జూన్‌లోనే ఉంది, సోఫాలు పడతాయా?" అని ఇంకొకడు. ఇంతలో ఎవరో, "బైక్ ఎప్పుడు కొన్నారు, చెప్పనేలేదు?" అన్నాడు. మా ఆవిడదని రాశాను. అయిదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వరసగా నవ్వే బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ సోఫాలు కాదు కదా, ఒక దిండు కూడా పట్టని ట్రైలర్ కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఇప్పుడు చెప్తే నవ్వొస్తుంది కానీ, సైజు సగం ఆ కోపంలోనే తేలిపోయింది.

మిగతా సగం కొలతలు తేల్చాయి. బండి పొడవు ఎనభై నాలుగంగుళాలు, అద్దాలతో కలిపి వెడల్పు ముప్ఫై అయిదు, ముందుండే గాలి అద్దం దాకా ఎత్తు యాభై నాలుగు. అయిదూ ఎనిమిది ట్రైలర్ దీనికి అతికినట్టు సరిపోతుంది. పెట్టె ఎంత చిన్నదైతే హైవే మీద గాలి అంత తక్కువ తోస్తుంది, మా కారు ఇంజన్ మీద అంత తక్కువ బరువు పడుతుంది. వెనక తలుపు కిందికి వాలి బండి ఎక్కే వంతెన అవుతుంది. ఆ గుమ్మం పైకమ్మికీ బండి గాలి అద్దానికీ మధ్య అంగుళంన్నర సందు మిగులుతోంది. ఆ అంగుళంన్నర చూసుకుని నేను పడ్డ ఆనందం ఇంకొకరికి చెప్పుకోలేను.

ఆఫీసులో ఏదైనా కొత్తగా పెట్టేముందు నేల మీద టేపుతో గీసి, మనుషుల్ని నిలబెట్టి చూస్తాం. గరాజ్‌లోనూ అదే చేశాను. ఇల్లు కట్టబోయే స్థలంలో సున్నంతో గదులు గీసినట్టు చిన్న పెట్టె గీసి, నాలుగు మూలలా రంగు డబ్బాలు పెట్టాను. బండి కదలకుండా బెల్టులు కట్టే కొక్కేలు అవి అన్నమాట. ఆమె బండి తోసుకుంటూ వచ్చి గీతల మధ్య నిలిపింది. నేను చుట్టూ తిరిగి నాలుగు బెల్టులు కట్టాను. వంగాను, లేచాను, అటుపక్కకి వెళ్ళాను. అంతా చక్కగా జరిగింది.

"పక్కన ఇంకో చిన్న తలుపు ఉండేది తీసుకోవాలేమోనండీ" అంది ఆమె.

"ఎనిమిదడుగుల పెట్టెకి రెండు తలుపులా?" అన్నాను. కారు కిటికీ అద్దం దింపడానికి బటన్ ఎక్కడుండాలో ఆడవాళ్ళని అడిగి మరీ మార్చిన మనిషిని నేను. ఇంట్లో మాత్రం ఆ మాట అక్కడే వదిలేశాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం, మా ఊరికి ఉత్తరాన ట్రైలర్లు అమ్మే చోటికి వెళ్ళాం. ఆమె బండి మీద ముందు, నేను కార్లో వెనక. అక్కడి ముసలాయన నెమ్మదస్తుడు. బండి ఎక్కించి చూసుకుంటామంటే సరేనని అయిదూ ఎనిమిది ట్రైలర్ తలుపు దించి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. తోస్తే ఆమె మణికట్లకి మంచిది కాదని బండి నేనే తోశాను. ఒక గోడవైపు వాల్చుకుని పక్కనే నడుస్తూ లోపలికి వెళ్ళాను. మధ్యకి లాగి నిలబెట్టాను. ముందు కుడి బెల్టు, తర్వాత ఎడమ బెల్టు, రెండూ బిగించాను. గట్టిగా నిలిచింది. గర్వంగా వెనక్కి తిరగబోయాను.

తిరగలేకపోయాను. వీపుకి గోడ, పొట్టకి హ్యాండిల్. అటు చూసినా ఇటు చూసినా పదకొండంగుళాల సందు. నా పొట్ట ఎన్ని అంగుళాలో నాకే తెలియాలి. ఎడమ బెల్టు వదిలితే బండి అటుపక్కకి లాగేస్తుంది, కుడిది వదిలితే నా మీద పడుతుంది. కాలు ఎత్తి సీటు దాటుదామంటే తల పైకప్పుకి కొట్టుకుంది. గరాజ్‌లో ఇదే చోట నేను హాయిగా చుట్టూ తిరిగాను కదా అని కాసేపు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. టేపు దాటుకుంటూ తిరిగాను. ప్రతిసారీ ఒక కాలు గీత బయటే ఉంది. నేల మీద గీతకి గోడ లేదు కాబట్టి అడ్డం పడలేదు. ఇరవై రెండేళ్ళు మనుషుల మోచేతులకి చోటు లెక్కగట్టినవాణ్ణి, ఆ పెట్టెలో మోచెయ్యి కదపలేక నిలబడ్డాను.

తలుపు దగ్గర వెలుతురులో నా భార్య నిలబడి ఉంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇందులో నేనెక్కడ నిలబడాలండీ?" అంది.

"నువ్వెందుకు నిలబడటం? లోడ్ చేసేది నేనే కదా."

"మీరు రాని రోజున?"

"నేను రాకుండా ఎలా ఉంటాను? లీవ్ పెడతాను."

అంటూనే ఆ రెండు జూన్‌లూ నాకే గుర్తొచ్చాయి. ఇరుక్కుపోయి ఉన్నాను కాబట్టి తప్పించుకుని వెళ్ళడానికీ లేదు.

"అంటే నన్ను రావద్దంటున్నావా?" అన్నాను. గొంతులో ఉక్రోషం నాకే తెలుస్తోంది.

"రావద్దని ఎవరన్నారు? మీరు రాలేకపోతే నేను ఆగిపోకూడదు అంటున్నా. బండి నడపగలను. కారు నడపగలను. ట్రైలర్‌తో రివర్స్ చేయడం కూడా ప్రాక్టీస్ చేస్తున్నా, చర్చి పార్కింగ్ లాట్‌లో. ఇది మాత్రం ఇద్దరుంటే తప్ప అవ్వని పని చేశారు మీరు."

ఆమె రివర్స్ చేయడం నేర్చుకుంటోందని నాకు తెలియదు. ఎవరి ట్రైలర్‌తో అని అడిగాను. ఆమె ఉద్యోగం చేసే ల్యాబ్‌లో ఒకావిడకి పడవ ట్రైలర్ ఉందట, ఆదివారాలు దాంతో నేర్చుకుంటోందట. ఆ ఆదివారాలు నేను క్రికెట్‌కి వెళ్ళేవాణ్ణి. ఇంతలో ముసలాయన వచ్చి నన్ను చూసి, ఇలా ఇరుక్కున్నవాళ్ళలో మీరు మొదటివారేం కాదులెండి అన్నాడు. వెనక చక్రం దగ్గర బండిని పట్టుకుని, బెల్టులు వదలమన్నాడు. నేను నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చాను.

ఇంటికి వస్తూ దారంతా ఆమె వెనకాలే కారు నడిపాను. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా ఆమె ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపింది. అంతకుముందు కూడా చూసే ఉంటాను. ఆరోజే చూసినట్టనిపించింది. ఆ రెండు జూన్‌లలో ఆ చెయ్యి అయిదు గంటలు నడపగలిగేది, మూడు గంటలు నడపగలిగేది. ఆ గంటల్ని నేను నా ఆఫీసు క్యాలెండర్‌లో పెట్టుకుని తినేశాను. ప్రేమకొద్దీ వద్దన్నానని నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ ఉందేమో కానీ, నేను లేకుండా ఆమె పని జరగకూడదన్న కోరిక కూడా అందులో ఉంది. ఆ ట్రైలర్‌కి నన్ను ఒక విడిభాగంగా బిగించేశాను. కార్లో ఒక్కణ్ణే ఉన్నా సిగ్గేసింది.

తప్పు తెలిసిన వెంటనే ఒప్పుకునే మంచి బుద్ధి నాకు లేదు. మూడు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. నాలుగో రోజు సాయంత్రం ఆమె చపాతీలు ఒత్తలేక పిండి పక్కన పెట్టి చేతులు వేణ్ణీళ్ళలో ముంచుకుని కూర్చుంటే, పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆ రెండేళ్ళూ నా వల్లే పోయాయి. సారీ" అన్నాను. "అవును, పోయాయి" అంది. ఫర్వాలేదు అనలేదు. నేనూ ఆ మాట కోసం ఎదురుచూడలేదు. చపాతీలు నేను ఒత్తాను, ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

ఆ వారాంతం కొత్తగా గీశాను. ఆరూ పన్నెండు. ఈసారి ఫ్రిజ్ అట్టపెట్టెలు చింపి, తాళ్ళతో పైకప్పు నుంచి వేలాడదీసి గోడలు కట్టాను. నేను బయట చేతులు కట్టుకుని నిలబడతానని, అడిగితే తప్ప నోరు తెరవనని మాటిచ్చాను. ఆ గంట నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె లోపలికి వెళ్ళింది, వంగింది, కూర్చుంది, మోచెయ్యి అట్టకి తగిలిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టింది. వంతెన మీద బండి తోయడం తన వల్ల కాదని ముందే చెప్పింది. బటన్ నొక్కితే తాడు చుట్టుకుంటూ బండిని పైకి లాగే చిన్న మోటారు ఒకటి పెట్టుకుంటే సరిపోతుందని అంతకుముందే చదివి పెట్టుకుంది. ముందు చక్రం వెళ్ళి దూరగానే బండిని నిటారుగా పట్టుకునే ఇనుప పట్టు ఒకటి కావాలంది. అప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, బెల్టులు తొందర లేకుండా, మధ్యలో వేళ్ళు చాపుకుంటూ కట్టుకోవచ్చు. బెల్టు బిగించే పిడి పొడుగ్గా ఉంటే మణికట్టు మీద భారం పడదు. కట్టేశాక బయటికి రావడానికి ముందు చక్రం పక్కన తలుపు. పక్క తలుపు సరిగ్గా ఎక్కడుండాలో ఆమె అట్ట మీద గీసింది. నేను వద్దన్న తలుపు అది.

"పన్నెండడుగులు ఎక్కువేమో కదా?" అని ఉండబట్టలేక అడిగాను.

"బండి ముందు ఖాళీ ఉండాలి. బరువు మరీ వెనక్కి పోతే ట్రైలర్ ఊగుతుందట. కాస్త ముందుకీ వెనక్కీ జరుపుకోవాలంటే చోటుండాలి కదండీ" అంది. నా ఉద్యోగం ఆమె చేస్తే ఇంకా బాగుండేదనిపించింది. కాకపోతే ఆ మాట పైకి అనలేదు.

అదే ముసలాయన దగ్గర ఆరూ పన్నెండు, పక్క తలుపుది తెచ్చుకున్నాం. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టగానే వినాయకుడి సంగతి మళ్ళీ మొదలైంది. "ఓనర్‌ని అడగండి" అని రాసి ఊరుకున్నాను.

బయల్దేరడం జూన్ రెండో శనివారం అనుకున్నాం. ఈసారి లీవ్ ముందే మంజూరైంది. ఆ వారం బుధవారం మా కొత్త కార్లో పైప్ ఒకటి వేడికి కరుగుతోందని తేలింది. పదిమందిమి కూర్చుని మొత్తం అమరిక మార్చాలి. లీవ్ పోయింది. ఇంటికి వస్తూ ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కున్నాను. ఆమె గరాజ్‌లో ట్రైలర్ చక్రాలకి గాలి చూస్తోంది. చెప్పాను.

"సరే" అంది. గాలి చూసే మీటర్ రెండో చక్రానికి పెట్టింది. "అయితే మీకు సాంబారు ఫ్రీజర్‌లో పెడతాను."

అంతే. బ్యాగు విప్పలేదు. నేను లేకుండానే వెళ్తుందా అని ఒక్క క్షణం ఉడుక్కున్నాను, అబద్ధం చెప్పను. ఆ వెంటనే మనసు తేలికపడింది. అది ఏ రకం తేలికో ఇంకా సరిగ్గా పేరు పెట్టుకోలేకపోయాను.

శనివారం పొద్దున ఆమె బండి ఎక్కిస్తుంటే నేను జేబుల్లో చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. బటన్ నొక్కింది. బండి వంతెన మీద మెల్లగా పైకి వెళ్ళి, చక్రం ఇనుప పట్టులో టక్కున కూర్చుంది. నాలుగు బెల్టులు కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాకైతే ఎనిమిది పట్టేది. మధ్యలో రెండుసార్లు ఆగి వేళ్ళు చాపుకుంది. పక్క తలుపులోంచి దిగి, గొళ్ళెం వేసి, తాళం పెట్టి, నా దగ్గరికొచ్చి చెయ్యి నొక్కింది. వీధి చివర మలుపులో ట్రైలర్ అంచు పేవ్‌మెంట్‌కి ఆమడ దూరంలో తిరిగింది. ఆదివారాలు ఎంత నేర్చుకుందో అప్పుడు చూశాను.

మూడో రోజు సాయంత్రం ఫోన్ చేసింది. కొండల్లో వాన. దారి పక్కన విశాలమైన చోట ట్రైలర్ ఆపి, బండి లోపల పెట్టి, దాని పక్కనే మడత కుర్చీ వేసుకుని కూర్చుందట. పక్క తలుపు తీసి పెట్టిందట. వాన చప్పుడు నాకూ వినిపిస్తోంది.

"ఇవాళ ఎంతసేపు నడిపావు?" అన్నాను.

"రెండు గంటల పది నిమిషాలు. చేతులు వాచాయి. రేపు తగ్గితే మళ్ళీ నడుపుతా, తగ్గకపోతే ఎల్లుండి." గొంతు అలిసిపోయి ఉంది. అంత సంతోషంగా ఆమె మాట్లాడగా నేను విని చాలా ఏళ్ళయింది. మబ్బు కొండ మీంచి రోడ్డు మీదికి ఎలా దిగిందో, ఒక మలుపులో భయపడి ఎలా బిగుసుకుపోయిందో, తర్వాతి మలుపుకి ఎలా సర్దుకుందో చెప్పింది. నేను ఏ సలహా ఇవ్వకుండా విన్నాను.

"ఇక్కడ బండి పక్కన ఇంకో కుర్చీకి కూడా చోటుంది" అంది.

ఆ చోటెంతో నాకు అంగుళాలతో సహా తెలుసు. "మరి ఒక్క కుర్చీయే ఎందుకు పట్టుకెళ్ళావ్?" అన్నాను.

"వస్తే మీ కుర్చీ మీరే తెచ్చుకోండి."

ఫోన్ పెట్టేశాక గరాజ్‌లోకి వెళ్ళాను. ఖాళీ నేల మీద నీలం గీతలున్నాయి. గోడకి తగిలించి ఉన్న రెండో మడత కుర్చీ దించి, నా కారు డిక్కీలో పెట్టాను.